తడిసే మేరకు, తడిసే మేరకే

నల్లమడుగు ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల గదికి బేసిన్ వచ్చిన రోజున ఆయా కొబ్బరికాయ కొట్టింది. హెడ్ సిస్టర్ హెప్సిబా ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. అయినా అడ్డు చెప్పలేదు. ఆరేళ్ళు అర్జీలు పెడితే వచ్చిన బేసిన్ అది. ఏ దేవుడు పంపించాడో ఎవరికి తెలుసు, అందరికీ తలా ఒక దండం పెడితే పోయేదేముంది అనుకుంది.

అంతవరకు ఆ గదివాళ్ళకు చేతులు కడుక్కోవడమంటే ఇద్దరి పని. ఒకరు బక్కెట్లోంచి మగ్గుతో నీళ్ళు పోయాలి, ఇంకొకరు మోచేతుల దాకా రుద్దుకోవాలి. ఆ మగ్గును ఎవరు ఎక్కడ పెట్టారో, ఏ చేత్తో పట్టుకున్నారో కనిపెట్టుకుని ఉండాలి. కాన్పు చేసే చేతికి మురికి ఉంటే అనుభవించేది ఆ చెయ్యి కాదు, అప్పుడే భూమ్మీద పడ్డ పసిగుడ్డు. ఇరవై రెండేళ్ళుగా హెప్సిబా ఆ అనుభవించడం కళ్ళారా చూస్తూనే ఉంది. అందుకే మోచేత్తో తిప్పే కుళాయి ఉన్న ఆ తెల్లటి బేసిన్ చూసి ఆమెకు కడుపు నిండిపోయింది.

బిగించడానికి వచ్చినవాడు సిలార్ మేస్త్రీ. ఊళ్ళో సగం ఇళ్ళకు టైల్స్ వేసినవాడు. గది గుమ్మం బయట వరండాలో బేసిన్ బిగించి, గోడ వైపు ఒక్కసారి చూసి, చెవిమీది పెన్సిలు తీసి గీత గీశాడు.

"ఈడికేస్తే చాలు సిస్టరమ్మా. పైకి మూడు వరసలు, పక్కలకి రెండేసి. మద్దేనానికల్లా అయిపోద్ది. రేపు పొద్దున్నే నీళ్ళొదులుకోండి."

"మూడు వరసలని ఎట్టా తెలిసింది మేస్త్రీ?" అంది హెప్సిబా సరదాగా.

"తెలిసేదేముందమ్మా! నీళ్ళు యాడదాకా ఎగురుతయ్యో తెలవటానికి చదువుకోవాల్నా? ముప్పై ఏళ్ళ నించి తడుస్తానే ఉండా."

రెండు టైల్స్ అతికించాడో లేదో, ఆసుపత్రి కట్టడాలు చూసే అసిస్టెంట్ ఇంజనీరు పరంధామయ్య రొప్పుతూ వచ్చి పడ్డాడు. పరంధామయ్య మంచివాడు. భయం తప్ప ఆయనకు వేరే దుర్గుణం లేదు.

"ఆపవయ్యా, ఆపు! ఎవరు చెప్పారు నీకు మూడు వరసలని? ఏ ఆధారం మీద వేస్తున్నావ్? ఊడదియ్యి ముందు!"

భయపడడానికి ఆయనకు తగిన కారణమే ఉంది. రెండేళ్ళ కిందట ఇంకో ఊరి ఆసుపత్రిలో ఒక ఇంజనీరు బేసిన్ చుట్టూ ఒక వరస ఎక్కువ వేయించాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు పై వరసను చేత్తో తడిమి చూస్తే పొడిగా తగిలింది. పొడిగోడకు టైల్స్ వేసి ప్రజాధనం పాడుచేశాడని మెమో ఇచ్చారు. అది విని పక్క ఊరి ఇంజనీరు ఒక వరస తగ్గించి వేయించాడు. అక్కడ గోడ తడిసింది. తడిగోడను గాలికొదిలేశాడని అతనికీ మెమో ఇచ్చారు. ఇలా ఇంజనీర్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే పైవాళ్ళు ఆలోచించి, ఇక ముందు ఎవరికీ ఏ సందేహమూ రాకూడదని ఉత్తర్వు పంపారు. "బేసిన్ చుట్టునూ గోడ తడిసే మేరకు టైల్స్ వేయవలెను. తడిసే మేరకే వేయవలెను." పరంధామయ్య దాన్ని ఆంజనేయ దండకంలా కంఠతా పట్టాడు.

"బాగానే ఉంది. ఎంత మేర తడుస్తుందో వాడితే కదా తెలిసేది? నీళ్ళు వదలండి, చూద్దాం" అంది హెప్సిబా.

"టైల్స్ వేయకుండా వాడకూడదు మేడం. గోడ చెమ్మెక్కుతుంది."

"అయితే టైల్స్ వెయ్యండి."

"ఎంత తడుస్తుందో తేలకుండా వేయకూడదు మేడం."

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. సామెత పుట్టించినవాళ్ళు ఏ ఆసుపత్రి కట్టించబోయి పుట్టించారో గాని, ఆ సాయంత్రానికి సిలార్ తన రెండు టైల్స్ ఊడదీసి కడిగి పెట్టెలో పెట్టుకున్నాడు. కుళాయికి తెల్ల గుడ్డ చుట్టి, దారం కట్టి, లక్కతో సీలు వేశారు. ఆయా మళ్ళీ మగ్గు తీసింది.

నెల తిరిగేసరికి తుంపర నిర్ధారణ సంఘం దిగింది. రెండు కార్లు, నలుగురు సభ్యులు, ఒక టేపు. సంఘానికి అధ్యక్షులు సూపరింటెండింగ్ ఇంజనీరు చక్రధరరావుగారు. ఆయన మామూలుగా మాట్లాడడం ఎవరూ వినలేదు. ఇంట్లో ఉప్పు అడిగినా ఉపన్యాసంలాగే ఉంటుందని వాళ్ళావిడే చెప్పుకుంటుందట.

"మన ముందున్న సమస్య పైకి స్వల్పముగా కనిపించవచ్చును. కాని ప్రతి మహాసముద్రమూ ఒక తుంపరతోనే ప్రారంభమగునని మనము మరువరాదు" అన్నారాయన బేసిన్ ముందు నిలబడి. పరంధామయ్య చప్పట్లు కొట్టాడు.

పద్ధతి శాస్త్రీయంగా ఉంది. ట్యాంకులో బట్టల నీలిమందు కలిపారు. తెల్లగోడ మీద నీలం ఎంతవరకు పడితే అంతవరకు తడిసినట్టు. పరీక్ష కోసమే, ఆ ఒక్క రోజుకే, సీలు తీశారు. మొదట హెప్సిబాను పిలిచారు. ఆమె ఎప్పుడూ కడుక్కునే పద్ధతిలోనే, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు, మోచేయి వరుసగా రుద్ది కడుక్కుంది. నీలం నలభై సెంటీమీటర్ల ఎత్తు పడింది. ఆ నీలం చేతులకు నాలుగు రోజులు వదల్లేదు, వార్డులో తల్లులు ఏం జబ్బు సిస్టర్ అని జాలిపడ్డారు. అది వేరే సంగతి.

తరవాత పరంధామయ్య ముఖం కడుక్కున్నాడు. ఆయన కాలవగట్టు ఊరివాడు. దోసిళ్ళతో నీళ్ళు కొట్టుకోవడమే గాని కుళాయితో సుకుమారంగా కడుక్కోవడం రాదు. నూట పది సెంటీమీటర్లు.

"ఉద్యోగుల తుంపర మాత్రమే పరిగణించుట ప్రజాస్వామ్య విరుద్ధము. సామాన్య ప్రజానీకమునుండి ఒక నమూనా తీసుకొనవలయును" అన్నారు అధ్యక్షులు.

ఓపీ వరుసలో గురవవ్వ కూర్చుని ఉంది. ఏడో నెల కడుపుతో ఉన్న మనవరాలు మల్లీశ్వరిని చూపించడానికి పెద్దగొల్లపాలెం నుంచి ఆటోలో తీసుకొచ్చింది. ఇద్దరు సభ్యులు వెళ్ళి అవ్వను చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చారు.

"మొకం కడుక్కోటానికా పిలిచింది? పొద్దున్నే కడుక్కున్నా గదయ్యా!"

"ప్రభుత్వం కోసం ఇంకొకసారి కడుక్కోవాలమ్మా" అన్నాడు పరంధామయ్య.

"అట్టనా? సరే, గవుర్మెంటు అడిగితే కాదంటామా?"

అవ్వ కొంగు నడుముకు దోపి మొదలుపెట్టింది. ముందు నోటినిండా నీళ్ళు పట్టి గళగళమని పుక్కిలించి ఉమ్మింది. రెండు వేళ్ళు లోపలికి పెట్టి నాలుక గీసుకుంటూ వార్డు అదిరేట్టు ఖాండ్రించింది. ఏడెనిమిది దోసిళ్ళు ముఖాన కొట్టుకుంది. తడి చేత్తో మెడ వెనక చరుచుకుంది. ఆ తరవాత కాలెత్తి బేసిన్‌లో పెట్టబోతే సభ్యులు పట్టుకుని ఆపారు.

"కాళ్ళు కడగొద్దా మరి? కాళ్ళు కడక్కుండా మొకం కడుక్కుంటే ఏం సుద్ధం?" అని అవ్వ వాళ్ళనే కోప్పడింది.

గోడ మీద రెండు మీటర్ల ముప్పై వరకు నీలం పడింది. పైగా ఫ్యాను రెక్క మీద ఒక చుక్క కనిపించింది. దాన్ని తుంపర కింద జమకట్టాలా, ప్రమాదం కింద జమకట్టాలా అని సంఘం అరగంట చర్చించి, టీ తాగి, ప్రమాదమేనని తీర్మానించింది. ముగ్గురి కొలతలూ కలిపి మూడుతో భాగిస్తే నూట ఇరవై ఆరు సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్లు వచ్చింది.

"అయితే ఆడిదాకా ఏసేస్తా సార్" అని సిలార్ సంచి విప్పబోయాడు.

"తొందరపడరాదు" అన్నారు అధ్యక్షులు. "ఆ మేరకు వేసినచో ఈ వృద్ధురాలి తుంపర టైల్స్ దాటి గోడను తడుపును. ఉత్తర్వు ఉల్లంఘన. ఈ సిస్టరుగారు కడుగుకొనునప్పుడు పై టైల్స్ పొడిగా మిగులును. అదియును ఉల్లంఘనయే. అనగా లోపము గోడలో లేదు. టైల్స్‌లో లేదు. ప్రజలలో ఉన్నది. కావున అందరి తుంపరయు సగటునకు తీసుకురావలెను."

హెప్సిబా ఆయన ముఖంలోకి చూసింది, నవ్వుతున్నారేమోనని. నవ్వడం లేదు. ఆమె వైపు తిరిగి ఇంకో మాట కూడా అన్నారు.

"సిస్టరుగారూ, మీ తుంపర సగటుకన్న బాగా వెనుకబడి ఉన్నది. మెరుగుపరచుకొనవలయును."

సీలు మళ్ళీ పడింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తెరవని బేసిన్‌కు శిక్షణ తరగతులు మొదలయ్యాయి. బేసిన్ సీలులో ఉంది కాబట్టి శిక్షణ నీళ్ళు లేకుండానే జరిగింది. నర్సులు, ఆయాలు, వాచ్‌మన్ వరుసగా నిలబడి గాలిలో చేతులు రుద్దుకుని, గాలిని దోసిళ్ళతో ముఖాన కొట్టుకున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకుడు వాళ్ళ మధ్య తిరుగుతూ, కనిపించని తుంపరను కళ్ళతో కొలిచి, "మీది కొంచెం ఎక్కువైంది", "మీరింకా పైకి రావాలి" అని సరిదిద్దాడు. చివర్లో అందరికీ "తుంపర మిత్ర" అని రాసిన బిళ్ళలు పంచారు. హెప్సిబాకు మాత్రం రాలేదు. ఆమె రిమార్కుల్లో "ఉత్సాహలోపం" అని రాశారు.

ఆమె ఉత్సాహం ఎక్కడుందంటే, వెనక వరండాలో బక్కెట్టు దగ్గర ఉంది. ఆ వారమే ఒక పసివాడికి బొడ్డు చీముపట్టి జ్వరం కాసింది. మూడు రోజుల బిడ్డ. పెద్దాసుపత్రికి పంపించాల్సి వచ్చింది. అంబులెన్సులోకి ఎక్కించేటప్పుడు ఆ తల్లి, "మా ఇంట్లో ఏం తప్పు చేశామో సిస్టర్" అని ఏడ్చింది. తప్పు వాళ్ళింట్లో జరగలేదని హెప్సిబాకు తెలుసు. పదకొండు రోజులకు బిడ్డ దక్కాడని కబురు వచ్చేదాకా ఆమెకు అన్నం సహించలేదు. ఇంకోసారి ఇలా జరిగితే తను ఆ తెల్ల టోపీ పెట్టుకుని తిరగడానికి అర్హురాలు కాదని అనిపించింది. కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. "తమ లేఖ శిశువునకు సంబంధించినదే గాని తుంపరకు సంబంధించినది కానందున, ఈ సంఘము పరిధిలోనికి రాదు."

మరో నెలకు సంఘం చివరి తనిఖీకి వచ్చింది. ఆ రోజు పదకొండున్నరకు సీలు విప్పుతారు, శిక్షణ పొందినవాళ్ళు వరుసగా కడుక్కుంటారు, అందరి తుంపరా సగటు గీత దగ్గరే ఆగితే సిలార్ అక్కడికక్కడే టైల్స్ వేస్తాడు. గోడ మీద ఎర్ర గీత గీశారు. పరంధామయ్య రిబ్బను కట్టించాడు. కత్తెర పళ్ళెంలో పెట్టి నర్సు ఒకామెను నిలబెట్టాడు.

పదింబావుకు నొప్పులు ఎక్కువై మల్లీశ్వరి అవ్వతో ఆటో దిగింది. తొలిచూలు. డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఇంకో కేసు మీద ఉంది. హెప్సిబా లోపలికి తీసుకెళ్ళి చూసింది. బిడ్డ తల అందుతోంది, టైము లేదు. మల్లీశ్వరి ఆయా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. మిగిలిన నర్సులంతా బిళ్ళలు పెట్టుకుని రిబ్బను దగ్గర నిలబడి ఉన్నారు. మగ్గుతో నీళ్ళు పోసే దిక్కు లేదు.

హెప్సిబా బయటికి వచ్చింది. బేసిన్ ముందు సంఘం మొత్తం అర్ధచంద్రాకారంలో నిలబడి ఫోటో దిగుతోంది.

"జరగండి సార్. చేతులు కడుక్కోవాలి. కాన్పు కేసు."

"సీలు విప్పుటకు పదకొండున్నర నిర్ణయించడమైనది సిస్టరుగారూ" అన్నారు అధ్యక్షులు.

"ఆ సంగతి లోపలున్న బిడ్డకి తెలవదు సార్."

"మేడం, మెమో వస్తుంది మేడం" అని పరంధామయ్య గొణిగాడు. బెదిరింపు కాదు, నిజంగా ఆమె మీద దిగులే.

గురవవ్వ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. "ఏందయ్యా మీరు! ఆ రోజు కడుక్కోమని రెక్క పట్టుకు లాక్కొచ్చారు. ఇయ్యాల కడుక్కుంటానంటే వద్దంటన్నారు. మీకు కుదురంటా లేదా?" అంది.

హెప్సిబా ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పైవాళ్ళ మాట జవదాటలేదు. ఆ పూట పళ్ళెంలోంచి కత్తెర తీసుకుని రిబ్బను, దారం, గుడ్డ, సీలు అన్నీ కలిపి కత్తిరించేసింది. మోచేత్తో కుళాయి నెట్టింది. మూడు నెలలుగా మూసి ఉన్న కుళాయి ముందు దగ్గింది. తరవాత గొట్టంలో బిగబట్టిన గాలీ నీళ్ళూ కలిసి ఒక్క పెట్టున బేసిన్‌లో పడి, అక్కడినుంచి ఎదురుగా ఉన్న తుంపర నిర్ధారణ సంఘం మీదికి లేచాయి. ఆమె అటు చూడలేదు. నీళ్ళు తేటపడేదాకా వదిలి, సబ్బు తీసుకుని, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు, మోచేయి వరుసగా కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

సిలార్ గోడ దగ్గరికి వెళ్ళి జానతో కొలిచాడు. తరవాత అధ్యక్షులవారి ముందు నిలబడి ఆయన్ని కిందినుంచి పైదాకా నిదానంగా చూశాడు.

"గోడ మూడు వరసలే తడిసింది సార్. తమరు మాత్రం గొంతుదాకా తడిశారు. తడిసిన మేరకు ఏయాలంటిరి గదా! తమరికెన్ని వరసలెయ్యమంటారు?"

చక్రధరరావుగారు ఏదో అనబోయారు. అంతలో లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పరంధామయ్య కూడా పొరపాటున పెట్టాడు. ఆ తరవాత కార్లు వెళ్ళిపోయాయి. బేసిన్‌కు మళ్ళీ సీలు వేయాలని లక్క పట్టుకుని నిలబడిన పరంధామయ్యతో హెప్సిబా, "ఈసారి వేస్తే నా చేతులకి వెయ్యండి ఏఈ గారూ" అంది. ఆయన లక్క జేబులో వేసుకుని ఇంటికి పోయాడు.

పదో రోజున మెమో వచ్చింది. సీలు ఎందుకు తెంచవలసి వచ్చెను, ఎవరి అనుమతితో, ఉద్యోగమునుండి ఏల తొలగించరాదు అని ప్రశ్నలన్నీ అయ్యాక చివర ఒక గడి. "అనధికార ప్రక్షాళన వలన కలిగిన ఫలితము (కొలతతో సహా)."

ఉద్యోగం పోతే ఇల్లు గడవదని హెప్సిబాకు తెలుసు. నీళ్ళు ఎంత ఎగిరాయో మాత్రం తెలియదు, చూడలేదు. కలం తీసి, ఇరవై రెండేళ్ళుగా పుట్టుక రిజిస్టరులో రాసినట్టే రాసింది. "ఆడబిడ్డ. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. తల్లీబిడ్డా క్షేమం."

వారానికి ఆ కాగితమే తిరిగొచ్చింది. "ఈ కార్యాలయము కిలోలలో కొలతలు స్వీకరించదు. సెంటీమీటర్లలో తెలుపగలరు."

హెప్సిబాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రిజిస్టరు తీసి చూసి, ఆ బిడ్డ పుట్టినప్పటి పొడవు ఎంతుందో అంతే రాసి పంపింది. "నలభై తొమ్మిది."

ఆ తరవాత మెమో సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగు నెలలుగా అంకె కోసం మొహం వాచి ఉన్న కార్యాలయానికి సంతకంతో సహా, సెంటీమీటర్లలో, మిల్లీమీటర్ల పేచీ లేని అంకె దొరికింది. వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? మూడు వారాల్లో రాష్ట్రంలోని ఆసుపత్రులన్నిటికీ ఉత్తర్వు వెళ్ళింది. "నల్లమడుగు క్షేత్ర పరిశోధన ననుసరించి, బేసిన్ చుట్టునూ గోడకు నలభై తొమ్మిది సెంటీమీటర్ల మేరకు టైల్స్ వేయవలెను. తగ్గరాదు. పెరుగరాదు."

టైల్స్ వేయడానికి సిలార్ వచ్చిన రోజు టీకాల బుధవారం. గురవవ్వ నెలన్నర ముని మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. సిలార్ చివరి వరస టైలు కోసుకుంటూ విసుక్కున్నాడు.

"ముప్పై ఏళ్ళ నించి ఏస్తన్నా, ఈ నలబై తొమ్మిది ఎన్నడూ ఇన్లా సిస్టరమ్మా. యాడ కొలిచారు దీన్ని?"

హెప్సిబా చెయ్యి కడుక్కుంటూ గడ్డంతో బల్ల వైపు చూపించింది. సిలార్‌కు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కటింగ్ మిషను ఆపేసి, చేతులు దులుపుకుని, టేపు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. నిద్రపోతున్న పిల్లకు తగలకుండా పక్కన టేపు పరిచి, వంగి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"యాభై మూడుందమ్మా!" అన్నాడు గాభరాగా.

"మెల్లగా మాట్లాడు మేస్త్రీ" అంది హెప్సిబా. "పెరుగుతోందని తెలిస్తే మళ్ళీ సంఘం వేస్తారు."